కార్బన్ లెక్క మొదలుపెట్టే ముందు

చి. శ్రావణికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అడవి ఎక్కడ, ఎప్పుడు దెబ్బతింది, దాంతో ఎంత కార్బన్ పోయింది అనే లెక్కకి ఏ మోడల్ మంచిదని అడిగావు. మోడల్ సంగతి తర్వాత చూద్దాం. నువ్వు పంపిన ఫైళ్ల జాబితాలో 'బయోమాస్ క్లిప్' అని ఒక రాస్టర్ ఉంది, అంటే ఒక్కో గడిలో (పిక్సెల్‌లో) ఒక్కో అంకె ఉండే మ్యాప్. బయోమాస్ అంటే ఇక్కడ చెట్ల బరువు. అందులో అంకెలు హెక్టారుకి టన్నులా, పిక్సెల్‌కి టన్నులా? ఎండు బరువా, కార్బనా? వేర్లు కలిపారా? ఏ ఏడాదిది? పేరు చూసి నేను చెప్పలేను. ఆరు నెలలు పోతే నువ్వూ చెప్పలేవు.

లెక్కలు తప్పేది ఎక్కువగా ఇక్కడే. 100 టన్నుల ఎండు బయోమాస్ ఉందనుకో. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ ఇచ్చిన కార్బన్ వంతు 0.47తో గుణిస్తే 47 టన్నుల కార్బన్. దాన్ని మళ్లీ 44/12తో (కార్బన్ డయాక్సైడ్ బరువుకీ అందులోని కార్బన్ బరువుకీ ఉన్న నిష్పత్తి) గుణిస్తే దాదాపు 172 టన్నుల కార్బన్ డయాక్సైడ్. మాటల్లో మాత్రం మూడింటినీ 'కార్బన్' అనేస్తుంటారు. ఇక హెక్టారు లెక్కన ఉన్న 30 మీటర్ల పిక్సెళ్లని ఉన్నవి ఉన్నట్టు కూడేస్తే జవాబు 11 రెట్లు అవుతుంది, ఒక్కో పిక్సెల్ 0.09 హెక్టారే కాబట్టి. యూనిట్, సంవత్సరం, వెర్షన్ ఫైలు పేరులోనే పెట్టు. పేరు బారెడైనా ఫర్వాలేదు.

డౌన్‌లోడ్ చేసిన అసలు ఫైళ్లు ఒక ఫోల్డర్లో ఉండాలి, వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. రీడ్ ఓన్లీ పెట్టేయ్. ఎప్పుడు దించావో, ఏ వెర్షనో పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్లో రాసిపెట్టు. ఇది చాదస్తమని నీకు అనిపించొచ్చు. సెంటినెల్-2 ఉపగ్రహాల సంగతి చెప్తాను, విను. 2022 జనవరి 25 నుంచి ఆ చిత్రాల్లో అంకెలకి 1000 కలిపి ఇస్తున్నారు, వాడేటప్పుడు మనం తీసేయాలి. తీయకపోతే ఏమవుతుందో చూడు. పచ్చగా ఉన్న చోట కంటికి కనపడని రెండు కాంతుల అంకెలు, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 3000, షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ 1000 అనుకో. తేడాని మొత్తంతో భాగిస్తే వచ్చే ఎన్‌బీఆర్ (కాలిన, దెబ్బతిన్న చోట్లు పట్టుకునే సూచిక) 0.5. రెండింటికీ వెయ్యి కలిస్తే 4000, 2000. ఇప్పుడది 0.33కి పడిపోయింది. ఒక్క చెట్టూ కూలలేదు, ఎక్కడా మంట రాలేదు, అయినా నీ మ్యాప్‌లో అడవంతా ఒకే రోజు దెబ్బతిన్నట్టు కనిపిస్తుంది. పాత, కొత్త ఫైళ్లు ఒకే ఫోల్డర్లో కలిసిపోయాయంటే ఇది పట్టుకోవడానికి తలప్రాణం తోకకొస్తుంది.

మేరీలాండ్ యూనివర్సిటీ వాళ్ల చెట్ల నష్టం మ్యాప్ కూడా అంతే. ఏటా కొత్త వెర్షన్ వస్తుంది, మధ్యలో పద్ధతి మారింది. గ్రాఫ్ పైకి లేవగానే నరికివేత పెరిగిందని రాసెయ్యకు. అసలది చూపేది చెట్ల కప్పు పోవడమే. తుఫాను, మంట, పురుగు, తోటల కోత అన్నీ అందులో ఉంటాయి. కోత తర్వాత మళ్లీ నాటే తోటనీ, శాశ్వతంగా పొలమైపోయిన అడవినీ ఒకే గాటన కడితే కార్బన్ లెక్క ఎటు పోతుందో నువ్వే ఊహించుకో.

గ్రిడ్ విషయం. మొదటి రోజే ఒక సమ వైశాల్య ప్రొజెక్షన్ (ఎక్కడైనా వైశాల్యం సరిగ్గా చూపే మ్యాప్ పద్ధతి) ఎంచుకుని అన్నీ దానికే తెచ్చుకో. డిగ్రీల్లో ఉన్న మ్యాప్‌లో పిక్సెల్ అన్నిచోట్లా ఒకే సైజు కాదు, 60 డిగ్రీల అక్షాంశం దగ్గరికి వెళ్లేసరికి భూమధ్యరేఖ దగ్గరున్న వైశాల్యంలో సగమే ఉంటుంది. మార్చేటప్పుడు బయోమాస్‌కి సగటు తీసుకోవచ్చు గానీ, నష్టం జరిగిన సంవత్సరాల మ్యాప్‌కి నియరెస్ట్ నైబర్ (అన్నిటికంటే దగ్గరున్న పిక్సెల్ అంకెనే తీసుకోవడం) తప్ప ఇంకేదీ వాడకు. 2007, 2013 పక్కపక్కన ఉంటే సగటు 2010 వస్తుంది, ఆ ఏడాది అక్కడ ఏమీ జరగకపోయినా సరే.

సున్నా దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకో. 'నష్టం లేదు' అన్న సున్నా వేరు, 'చెట్లే లేవు' అన్న సున్నా వేరు, మేఘం అడ్డొచ్చి చూడలేకపోయిన చోటు వేరు. మూడోదానికి నోడేటా ('సమాచారం లేదు') విలువ విడిగా ఇవ్వాలి.

సంవత్సరాలు కూడా సరిపోవాలి. 2018 బయోమాస్ మ్యాప్ మీద 2012 నాటి నష్టం పరిచి ఎంత పోయిందని అడిగితే, అప్పటికే పోయాక మిగిలిందో, మళ్లీ పెరిగిందో చూపిస్తుంది. నష్టం కంటే ముందు నాటి బయోమాస్ కావాలి. మంటల పాలిగన్లు (కాలిన చోట్ల చుట్టూ గీసిన హద్దులు) ఒకదానిమీద ఒకటి పడితే అదే నేల రెండుసార్లు లెక్కలోకి వస్తుంది, అదీ చూసుకో. ఆ హద్దులు దాచేందుకు షేప్‌ఫైల్ ఫార్మాట్ మానేసి జియోప్యాకేజ్‌కి మారు. కాలమ్ పేర్లు పది అక్షరాలకి తెగిపోయే బాధ తప్పుతుంది.

చివరగా, పిక్సెళ్లు లెక్కపెట్టి ఇదే వైశాల్యం అని ప్రకటించకు. మ్యాప్‌లో తప్పులు రెండు వైపులా సమానంగా ఉండవు. మ్యాప్‌లోని ఒక్కో తరగతి (నష్టం ఉన్నది, లేనిది లాంటివి) నుంచి యాదృచ్ఛికంగా పాయింట్లు తీసి, కళ్లతో చూసి గుర్తించి, వాటినుంచి వైశాల్యం, దాని అనిశ్చితి రెండూ లెక్కకట్టాలి. ఆ పాయింట్లే నీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే విలువైనవి. శాటిలైట్ చిత్రం మళ్లీ దించుకోవచ్చు, ఒక మనిషి వారాల తరబడి చూసి రాసిన గుర్తులు మళ్లీ రావు. ఎవరు చూశారు, ఏ తేదీ చిత్రం చూశారు, ఎంత నమ్మకంతో చెప్పారు అనేవి ఒక్కో పాయింటు పక్కన ఉండాలి. ఇద్దరు చూసి వేరువేరుగా చెబితే రెండు జవాబులూ ఉంచు, ఒకటి చెరిపెయ్యకు. ఆ ఫైలు కాపీ ఇంకెక్కడైనా ఉందా? లేకపోతే ఇవాళే పెట్టు.

ఇట్లు,
బాబాయ్