‘తిరుగు విలువ విస్మరించబడింది’ సరైన తెలుగేనా?

సందేహం: ఫంక్షన్ ఇచ్చిన ఫలితాన్ని వాడకుండా వదిలేస్తే కంపైలర్ (మనం రాసిన కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామ్) హెచ్చరిస్తుంది కదా, దాన్ని మేం ‘తిరుగు విలువ విస్మరించబడింది’ అని తెలుగు చేశాం. చదివిన ప్రోగ్రామర్లు అర్థం కాలేదంటున్నారు. తప్పెక్కడుంది?

సమాధానం: వ్యాకరణంలో తప్పు లేదండీ, మాటల ఎంపికలో ఉంది. ‘తిరుగు’ అనగానే తిరుగు ప్రయాణం, తిరుగు టపా గుర్తొస్తాయి, ‘తిరిగి ఇచ్చింది’ అన్నా తీసుకున్నదే మళ్లీ ఇచ్చినట్టు ఉంటుంది. ఫంక్షన్ పని చేసి ఫలితం చేతిలో పెడుతుంది, అంతే. అందుకే ‘ఫలితం’ అనండి, లేదా అందరూ రోజూ అనే ‘రిటర్న్ వాల్యూ’నే ఉంచండి.

అసలు చిక్కు ‘విస్మరించబడింది’తో. విస్మరించడం అంటే మొదటి అర్థం మరిచిపోవడం. దాని బదులు ‘నిర్లక్ష్యం చేశారు’ అంటే నింద. ప్రోగ్రామర్ మరిచాడో, కావాలనే వదిలాడో కంపైలర్‌కు తెలియదు, ఆ ఫలితం ఎక్కడా వాడలేదన్నదొక్కటే దానికి కనిపించింది. కనిపించిందే చెప్పాలి: ‘వాడలేదు’. పైగా ఆ ‘బడింది’ వల్ల ఎవరు చేశారన్నదే మాయమైపోతుంది, దిద్దాల్సింది తానేనని చదివేవాడికి తట్టదు.

ఇంతకంటే ముఖ్యం, వాడకపోతే ఏం పోతుందో చెప్పడం. సీ ప్లస్ ప్లస్‌లో 2017 ప్రమాణంతో వచ్చిన ‘నోడిస్కార్డ్’ (‘ఈ ఫలితాన్ని వదిలెయ్యొద్దు’ అని ఫంక్షన్‌కు పెట్టే) గుర్తుకు 2020 ప్రమాణం నుంచి కారణం కూడా జతచేసి రాయొచ్చు, ఆ చోటును తప్పకుండా వాడుకోండి. వెక్టర్ (విలువలను వరుసగా దాచుకునే పెట్టె లాంటిది) మీద ‘ఎంప్టీ’ని పిలిచి అది ఖాళీ అయిపోయిందనుకునేవాళ్లు ఎందరో! ఇంగ్లిష్‌లో ఆ ఒక్క మాటే ‘ఖాళీగా ఉన్న’ అనీ ‘ఖాళీ చెయ్యి’ అనీ రెండు పనులు చేస్తుంది, మనకు ఆ ఇబ్బందే లేదు. కాబట్టి ఇలా రాయండి: ‘ఎంప్టీ అనేది వెక్టర్ ఖాళీగా ఉందా అని అడుగుతుంది, దాన్ని ఖాళీ చెయ్యదు. వచ్చిన జవాబును మీరు వాడలేదు. ఖాళీ చెయ్యాలంటే క్లియర్‌ను పిలవండి.’ కొంచెం పొడవే, అయినా చదివినవాడు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

కావాలనే వదిలేస్తే ఏం చెయ్యాలో కూడా చెప్పండి, కానీ చూసుకుని. ‘నోడిస్కార్డ్’ ఉన్నచోట ముందు ‘వాయిడ్’ అని కాస్ట్ చేస్తే, అంటే ఈ ఫలితం అక్కర్లేదని కోడ్‌లోనే రాస్తే, హెచ్చరిక పోతుంది, జీసీసీ అనే కంపైలర్‌లోని పాత ‘వార్న్ అన్‌యూజ్డ్ రిజల్ట్’ గుర్తుకైతే అలా పోదు. రెండిటికీ ఒకే సలహా రాస్తే సగంమందికి టెన్షనే మిగులుతుంది.

రీఅలాక్‌కు (తీసుకున్న మెమరీ సైజును మార్చే ఫంక్షన్) నేనైతే ఇలా రాస్తాను: ‘రీఅలాక్ ఇచ్చిన కొత్త అడ్రసును మీరు ఎక్కడా ఉంచుకోలేదు. పాత అడ్రసు ఇక పనికిరాకపోవచ్చు.’