నాస్ మాయమవుతోంది, కాపీ 11 ఎంబీ దాటడం లేదు: ఎందుకు?

తిరుపతిలో మా ఇంట్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు కలిపి ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె) కనిపించడం లేదు, కాపీ స్పీడు సెకనుకు 11 ఎంబీకి మించడం లేదు అని ఒకరు అడిగారు. ఇవి రెండు వేర్వేరు సమస్యలు.

సెకనుకు 11 ఎంబీ దగ్గర ఆగిందంటే లింకు (కేబుల్ కనెక్షన్) సెకనుకు 100 మెగాబిట్‌కు పడిపోయినట్టే. డిస్కును అనుమానించకండి. గిగాబిట్‌కు (1000 మెగాబిట్) కేబుల్లోని 8 తీగలూ కావాలి, 100కి నాలుగు చాలు. ప్లగ్గులో మిగతా నాలుగింటిలో ఒక్క తీగ తెగినా స్పీడు పడిపోతుంది, కానీ నెట్ మామూలుగానే నడుస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. ముందు కేబుల్ మార్చి చూడండి. కొన్ని రౌటర్లలో ఒక్క పోర్టే గిగాబిట్. అలాంటప్పుడు 5 పోర్టుల గిగాబిట్ స్విచ్ కొని నాస్‌నూ కంప్యూటర్‌నూ దానికే కలపండి. సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది.

ఇక నాస్ మాయమవడానికి కారణం తరచుగా దాని ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) మారడమే. రౌటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (ఒక పరికరానికి ఎప్పుడూ అదే ఐపీ ఇచ్చే ఆప్షన్) తెరిచి, నాస్ మ్యాక్ అడ్రస్‌కు (పరికరానికి ఉండే గుర్తింపు నంబరు) ఒకే ఐపీ కేటాయించండి. నాస్ అసలు ఆన్ కాకపోతే మాత్రం దాని పవర్ సెట్టింగ్స్‌లో కరెంటు రాగానే ఆన్ అయ్యే ఆప్షన్ పెట్టాలి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ క్షణంలోనే నాస్ రీస్టార్ట్ కావచ్చు. అయితే బ్యాటరీ అయిపోతోందని నాస్‌కు చెప్పే వీలు ఇన్వర్టర్‌కు ఉండదు. అందుకు యూఎస్‌బీ ఉన్న యూపీఎస్సే కావాలి.