నూతి బొమ్మ వేసే ముందు

అమ్మలూ,

నువ్వు ఫోన్‌లో పంపిన నూతి బొమ్మ చూశాను. గట్టు, గిలక, బొక్కెన, బిందెతో అమ్మాయి, అన్నీ ఉన్నాయి. గీత బాగా కుదిరింది. కానీ నీళ్లేవీ? నువ్వు దూరంగా నిలబడి వేశావు, వంగి లోపలికి చూడలేదు. మే నెలలో పర్లాకిమిడి వస్తున్నావు కదా, మన పెరటి నూతి దగ్గరే నేర్చుకుందువుగాని.

మొదటి రోజు పెన్సిల్ ముట్టుకోకు. పది బొక్కెనలు నీళ్లు తోడు. చేంతాడు అరచేతిలో జారితే పుట్టే మంట, బొక్కెన నీటిని తాకగానే తాడు వదులవడం, మునిగాక ఒక్కసారిగా బరువెక్కడం, ఇవన్నీ ముందు నీ చేతికి తెలియాలి. ఆ తర్వాత గట్టు రాయి తడిమి చూడు. గిలక లేని రోజుల్లో తాడు ఒరిసి ఒరిసి గాడులు పడ్డాయి. మీ ముత్తమ్మ తోడింది అక్కడే, పక్కింటి ఒడియా వాళ్లు తోడుకున్నదీ అక్కడే. మనం నుయ్యి అంటాం, వాళ్లు కూఅ అంటారు. బొమ్మలో ఆ గాడులు మాత్రం వదలకు.

లోపల వేసేటప్పుడు అందరూ నీటిని నల్లగా నింపేస్తారు. నీళ్లలో ఆకాశం ఉంటుంది తల్లీ, అది మెరుస్తుంది. అసలు చీకటి నీటికి కాస్త పైన, తడిగోడ మీద ఉంటుంది. ఇంకో మాట. పైన గట్టు అంచు నీకు కోడిగుడ్డులా సాగినట్టు కనిపిస్తుంది. కిందికి పోయేకొద్దీ రాతి వరసలు చిన్నవవుతూ గుండ్రంగా తిరుగుతాయి. పై అంచుని ఏటవాలుగా చూస్తున్నావు, అడుగుని దాదాపు నిటారుగా చూస్తున్నావు, అందుకే అలా. బడిలో ఈ ఒక్కటి చెప్పగానే పిల్లల బొమ్మలకి లోతు వచ్చేసేది.

మే నెల మధ్యలో మన ఊళ్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పన్నెండుకి ఓ పది నిమిషాల ముందే గట్టు దగ్గర ఉండు. ఆ కాసేపు ఎండ నేరుగా నీళ్ల దాకా దిగి, గోడల మీద వెలుగు అలలై ఆడుతుంది. రాళ్ల సందుల్లో ఎవరూ నాటని ఫెర్న్ మొక్కలు అప్పుడే ఆకు ఆకూ కనిపిస్తాయి. ధనుర్మాసంలో ఇంకోసారి రా. తెల్లవారుజామున తోడిన నీళ్లు గోరువెచ్చగా ఉండి పొగలేస్తాయి. నేల లోపలి వేడి ఏడాదంతా పెద్దగా మారదు కాబట్టి ఆ చలిలో అలా అనిపిస్తుంది.

రంగుల పెట్టె తేవద్దు. ఇక్కడి కొండల్లో సవర గిరిజనులు ఎర్రమట్టి పూసిన గోడ మీద ఒక్క బియ్యప్పిండి తెలుపుతో మనుషుల్ని, జంతువుల్ని, సూర్యుణ్ణి నిలబెడతారు. ఓ రోజు తీసుకెళ్లి చూపిస్తాను.

కథ కావాలంటే భారతం తియ్యి. శర్మిష్ఠ తోసేసిన దేవయానిని యయాతి చెయ్యి పట్టి పైకి లాగింది నూతిలోంచే. నూతిలో పడ్డ బంతిని ద్రోణుడు గడ్డిపరకలతో తీసి రాకుమారులకి గురువయ్యాడు. అంతెందుకు, 2018లో వచ్చిన ఊదారంగు వంద నోటు వెనక్కి తిప్పు, గుజరాత్‌లోని రాణీ కీ వావ్ దిగుడుబావి ఉంటుంది. ఆ మెట్లు గీసి చూడు, చెయ్యి తిరుగుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. పాడుబడ్డ నూతుల గట్టు మీద ఒరగొద్దు. లోపలికి అసలు దిగొద్దు. అడుగున విషవాయువు ఉంటే పైకి తెలియదు, దిగినవాళ్లు తిరిగి రారు.

మన నూతి గిలకకి నూనె వేశాను. కొత్త చేంతాడు కూడా కొని ఉంచాను.

మీ తాతయ్య