టెక్ సందేహాలు: ఇక్కడ కొన్న ఫోన్ అక్కడ మోగుతుందా?

విదేశీ చదువుల సీజన్ కదా, ఈవారం ప్రశ్నలన్నీ సూట్‌కేసుల చుట్టూనే తిరిగాయి. ఒకేలాంటివి పక్కన పెట్టి కొన్నిటికి జవాబులిస్తున్నాను.

మా అమ్మాయి ఆగస్టులో ఎంఎస్‌కి టెక్సాస్ వెళ్తోంది. నిరుడు దసరాకి కొన్న ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది, గీత కూడా పడలేదు. "ఇండియా ఫోన్లు అమెరికాలో పనిచేయవు అంకుల్, ఐఫోన్ కొనిచ్చేయండి" అంటున్నారు దాని స్నేహితులు. నిజమేనా? – ఓ తండ్రి, నిజామాబాద్

సగం నిజం. ఒకప్పుడు ఫోన్‌ని ఒకే ఆపరేటర్‌కి కట్టేసే లాక్ లేకపోతే చాలు, ఎక్కడికెళ్లినా మోగేది. అమెరికాలో ఆ రోజులు 2022తో పోయాయి. 3జీని అక్కడి ఆపరేటర్లు ఏటీ అండ్ టీ ఆ ఏడాది ఫిబ్రవరిలో, టీ-మొబైల్ జులైలో, వెరిజాన్ డిసెంబరు ఆఖరులో ఆపేశాయి. ఇప్పుడు మాట కూడా 4జీ మీదే వెళ్లాలి. దాన్నే వోల్టే అంటున్నాం. జియో వచ్చాక మన ఫోన్లన్నిటిలో వోల్టే ఉంది కదా అంటారేమో! ఉంది. కానీ ఏ ఆపరేటర్ సెట్టింగులు ఫోన్‌లో పెట్టి పంపితే ఆ ఆపరేటర్ దగ్గరే అది పనిచేస్తుంది. షావోమీ, వివో, రియల్‌మీలు అమెరికాలో ఫోన్లు అమ్మవు కాబట్టి అక్కడి ఆపరేటర్ల కోసం ఆ పని చేసిపెట్టే అవసరం వాటికి పెద్దగా లేదు. అందుకే కొన్ని మోడళ్లలో నెట్ వస్తుంది, వాట్సప్ మోగుతుంది, తీరా అక్కడి అత్యవసర నంబర్ 911కి కొడితే కాల్ వెళ్లదు. ఏటీ అండ్ టీ అయితే తన జాబితాలో లేని మోడల్‌ని గడప తొక్కనివ్వదు.

రెండో పేచీ బ్యాండ్లతో. అంటే ఆపరేటర్లు వాడే ఫ్రీక్వెన్సీలకు పెట్టిన నంబర్లు. మన 4జీ ఎక్కువగా 3, 5, 8, 40 బ్యాండ్ల మీద నడుస్తుంది. అక్కడ నగరాల్లో 2, 4, 66 కనిపిస్తాయి. గోడలు దాటి ఇంట్లోకి వచ్చేవి, ఊళ్ల మధ్య హైవేల మీద అందేవి మాత్రం 12, 13, 71. వీటిలో 13 వెరిజాన్‌ది, 71 టీ-మొబైల్‌ది. ఇండియాలో అమ్మే మోడళ్లకు తరచుగా కోత పడేది సరిగ్గా వీటి దగ్గరే. వాల్‌మార్ట్ పార్కింగ్‌లో నిండా సిగ్నల్ చూపించిన ఫోన్, షాపు లోపలికి వెళ్లేసరికి నీరుగారిపోయేది ఇందుకే.

కాబట్టి ఊహాగానాలు వద్దు. ఫోన్‌లో *#06# కొట్టండి, ఐఎంఈఐ అనే 15 అంకెల ఫోన్ గుర్తింపు సంఖ్య వస్తుంది. టీ-మొబైల్ సైట్‌లో సొంత ఫోన్ తెచ్చుకునేవాళ్ల కోసం ఉన్న పేజీలో దాన్ని వేసి చూడండి. తక్కువ ధర ప్లాన్ల కోసం మన పిల్లలు ఎక్కువగా తీసుకునే మింట్ కూడా ఆ నెట్‌వర్క్ మీదే నడుస్తుంది. పచ్చజెండా వస్తే కొత్త ఫోన్ ఖర్చు తప్పినట్టే. రాకపోయినా ఈ ఫోన్ మాత్రం తీసుకెళ్లనివ్వండి, కారణం కింద న్యూజెర్సీ ప్రశ్నలో ఉంది. ఐఫోన్ ఎలాగూ కొనాల్సిందే అంటే, ధర కాస్త ఎక్కువైనా ఇక్కడ కొనడమే నయమని నా అభిప్రాయం. ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ పెట్టే ట్రే లేదు, కార్డు లేకుండా ఫోన్‌లోకే ఎక్కించే ఈసిమ్ మాత్రమే. ఇక్కడివాటికి, ఎయిర్ మోడల్ తప్ప, ఉంది.

ఛార్జర్ మీద చిన్న అక్షరాల్లో 100-240 వోల్టులు అని ఉంటే పిన్ను మార్చే అడాప్టర్ ఒక్కటి చాలు. కన్వర్టర్ పేరుతో అంటగట్టే బరువైన డబ్బా వద్దు. మిక్సీ సంగతి వేరు, అది నా శీర్షికలోకి రాదు.

మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను. హైదరాబాద్‌లో కొన్న ఫోన్‌లో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. అయినా నెట్‌వర్క్ నుంచి తీసేస్తామని ఆపరేటర్ మెసేజ్ పెట్టాడు. నేనేం తప్పు చేశాను? – ఒక విద్యార్థి

మీ తప్పేం లేదు. టెల్‌స్ట్రా, ఆప్టస్ 2024 అక్టోబరు 28 నుంచి 3జీని మూసేయడం మొదలుపెట్టాయి. అక్కడి అత్యవసర నంబర్ 000కి 4జీ మీద కాల్ చేయలేని ఫోన్‌కి ఆపరేటర్ సేవలే ఇవ్వకూడదని ప్రభుత్వం నిబంధన పెట్టింది. నెట్‌కే వాడుకుంటానన్నా కుదరదు. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, సిమ్ సెట్టింగుల్లో వోల్టే ఆన్‌లో ఉందో లేదో చూసి, ఐఎంఈఐ ఇచ్చి మళ్లీ చెక్ చేయమని అడగండి. వెళ్తుందో లేదోనని 000కి కొట్టి చూడకండి. అప్పటికీ కాదంటే ఆ సిమ్‌కి వేరే ఫోన్ చూసుకోవాల్సిందే.

న్యూజెర్సీ వచ్చి ఆర్నెల్లయింది. ఇక్కడి నంబర్ తీసుకుని ఇండియా సిమ్ పర్సులో పడేశాను. మొన్న బ్యాంక్ ఓటీపీ కోసం వేస్తే సిగ్నలే లేదు. ఫోన్‌పే కూడా పనిచేయట్లేదు. – ఒక ఉద్యోగిని

ఫోన్ గురించి అందరూ అడుగుతారు, సిమ్ గురించి ఎవరూ అడగరు. ఇబ్బందంతా అక్కడే. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే ఆపరేటర్ దాన్ని ఆపేయొచ్చు. కొన్నాళ్లు ఆగి ఆ నంబర్‌ని ఇంకొకరికి ఇచ్చేస్తారు. అప్పుడు మీ బ్యాంక్ ఓటీపీలు ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్తాయి. కనుక ఇంట్లో వాళ్లతో ఈరోజే ఆ నంబర్‌కి రీఛార్జ్ చేయించి చూడండి. తీసుకుంటే నంబర్ బతికే ఉంది, ఆపరేటర్ యాప్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయండి. తీసుకోకపోతే ముందు బ్యాంకుకి చెప్పి ఖాతా నుంచి ఆ నంబర్ తీయించండి. మిగతావన్నీ తర్వాత.

ఇంకా విమానం ఎక్కనివాళ్లకు చెబుతున్నాను. ఇండియా నంబర్‌ని ట్రేలోనే ఉంచి, అక్కడి నంబర్‌ని ఈసిమ్‌గా తీసుకోండి. బయల్దేరే ముందే రోమింగ్ ఆన్ చేయించండి, ఏడాది ప్లాన్ వేయించండి. ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ ఆపేయండి. రోమింగ్‌లో వచ్చే ఎస్ఎంఎస్‌లకు మన పెద్ద ఆపరేటర్లు డబ్బు తీసుకోరు, ఓటీపీలకు అంతకన్నా ఏం కావాలి! కాల్ ఎత్తారో, నిమిషానికింత అని బాదుడే. ఏడాది తర్వాత అక్కడ ట్రే లేని ఐఫోన్ కొన్నా పాత ఫోన్ పారేయకండి. సొరుగులో ఛార్జింగ్ పెట్టి ఉంచితే ఓటీపీల ఫోన్‌గా పనికొస్తుంది. మొదటి ప్రశ్నలో తీసుకెళ్లమన్నది ఇందుకే.

ఫోన్‌పే, గూగుల్ పేలు ఫోన్‌లో ఉన్న సిమ్ నుంచి ఎస్ఎంఎస్ పంపి మిమ్మల్ని గుర్తుపడతాయి. సిమ్ తీస్తే అలుగుతాయి. విదేశాల్లో ఉండే భారతీయుల కోసం ఉన్న ఎన్ఆర్ఈ, ఎన్ఆర్‌ఓ ఖాతాలకు విదేశీ నంబర్‌తో యూపీఐ ఇవ్వొచ్చని 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 10 దేశాలకు అనుమతిచ్చింది, అందులో అమెరికా ఉంది. అయితే అన్ని బ్యాంకులూ, అన్ని యాప్‌లూ ఇవ్వట్లేదు, మీ బ్యాంకుని అడగండి. మీ మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్‌ఓగా మార్చుకోవాలన్న సంగతీ బ్యాంకుకి చేసే ఆ కాల్‌లోనే తేల్చుకోండి.

వాట్సప్‌ని పాత నంబర్ మీదే ఉంచడం సుఖం. కాకపోతే ఫోన్‌లో సిమ్ ఉంటేనే నడిచేలా మార్చాలని టెలికం శాఖ 2025 నవంబరులో ఇలాంటి యాప్‌లను ఆదేశించింది. సిమ్‌ని పర్సులో పెట్టకపోవడానికి ఇదో కారణం. ఇంకో చిన్న పని: అమ్మ, నాన్న, బాబాయి నంబర్లు వట్టి పది అంకెలుగా సేవ్ అయి ఉంటాయి. అమెరికా సిమ్ నుంచి వాటికి కొడితే అక్కడి నంబరేమో అనుకుంటుంది. అన్నిటి ముందూ +91 చేర్చుకోండి.

దుబాయ్‌లో పనికి వెళ్తున్నా. నా ఫోన్ నడుస్తదా? ఇంటికి వాట్సప్ వీడియో కాల్ చేసుకోవచ్చా? – జగిత్యాల నుంచి

ఈమధ్య కొన్న 4జీ ఫోన్ అయితే మామూలుగా నడుస్తుంది. వాట్సప్‌లో మెసేజ్‌లు, ఫొటోలు పోతాయి, కాల్స్ మాత్రం యూఏఈలో కుదరవు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌ని ఇక్కడే ఇంట్లో వాళ్ల ఫోన్‌లో వేసి, ఎలా ఎత్తాలో నేర్పించి వెళ్లండి. ఏ దేశం నుంచి వాడుతున్నామో దాచే వీపీఎన్ పెట్టి వాట్సప్ కాల్ చేసుకోవచ్చని రూమ్‌లో ఎవరన్నా చెప్తే వినకండి, అక్కడి చట్టం గట్టిది.

అమెరికా నుంచి అన్నయ్య తన పాత ఐఫోన్ 15 తెచ్చిచ్చాడు. సిమ్ పెట్టే చోటే కనిపించట్లేదు! – రాజమండ్రి నుంచి

ఉంటే కదా కనిపించడానికి! జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఈసిమ్ ఇస్తాయి, మీ నంబర్‌ని మార్పించుకోండి. దానికి ముందు సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి క్యారియర్ లాక్ అన్నచోట చూడండి. సిమ్ ఆంక్షలు లేవని ఉంటే బెంగ లేదు. లాక్ అయి ఉంటే దాన్ని అమ్మిన అమెరికా ఆపరేటరే తీయాలి, ఫోన్ మీద బాకీ ఉంటే తీయరు. వెయ్యి రూపాయలకు అన్‌లాక్ చేస్తామనే దుకాణాల జోలికి పోకండి. వాయిదాలన్నీ కట్టేశాడో లేదో అన్నయ్యనే మొహమాటం లేకుండా అడగండి.