సాక్ష్యంలో కొట్టేసిన వాక్యం

తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. దేవుడు నీ బతుకులో చేసింది చెబుతూ నువ్వు రాసి పంపిన సాక్ష్యం మూడుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది, తప్పులు దిద్దే పని నాకు పెద్దగా పెట్టలేదు. అయినా ఒక లెక్క వేశాను, ఏమనుకోకు. రెండోసారి కూడా పరీక్ష పోయిందన్న సంగతి నాలుగు లైన్లలో అయిపోయింది. "అయినా నా దేవుడు నన్ను విడువలేదు" అని మొదలుపెట్టిన స్తోత్రం మాత్రం రెండున్నర పేజీలు సాగింది. ఆ రెంటికీ మధ్య ఎన్ని నెలలు గడిచాయి? ఆ నెలలన్నీ ఏమైపోయాయి?

రెండో పేజీ అడుగున నువ్వు కొట్టేసిన వాక్యం ఒకటుంది. గీత సన్నగా ఉండబట్టి చదవగలిగాను. "రిజల్ట్ చూశాక ఫోన్ ఆఫ్ చేసి మేడమెట్ల మీద కూర్చున్నాను. కింద అమ్మ నా కోసం ప్రార్థన చేయడం వినపడుతోంది. నాకు ఆమెన్ అనబుద్ధి కాలేదు." ఎందుకు కొట్టేశావో తెలుసు. వీడి విశ్వాసం ఇంతేనా అనుకుంటారేమోనని టెన్షన్. నాకైతే మొత్తం మీద నువ్వు దేవుడి ముందు నిలబడ్డ చోటు అదొక్కటే అనిపించింది. ఆమెన్ అనలేకపోయావు, సరే. కానీ లేచి వెళ్లిపోలేదు కదా, అక్కడే కూర్చుని వింటూనే ఉన్నావు.

మార్కు సువార్త 14వ అధ్యాయాన్ని ఈసారి రాసేవాడి కళ్లతో చదువు. యేసును పట్టుకెళ్లిన రాత్రి, ఆయన శిష్యుడు పేతురు చలి కాచుకుంటున్నాడు. పనిపిల్ల అడిగితే యేసు ఎవరో తెలియదన్నాడు. మూడోసారికి ఒట్టు కూడా పెట్టాడు. కోడి కూసింది, ఏడ్చాడు. 72వ వచనంతో అధ్యాయం ఆగిపోతుంది. ఓదార్పు మాట ఒక్కటీ లేదు. మళ్లీ పేతురు పేరు వినపడేది 16వ అధ్యాయం 7వ వచనంలో, ఖాళీ సమాధి దగ్గర. వెళ్లి శిష్యులతోనూ, పేతురుతోనూ చెప్పండి అంటాడు అక్కడున్న యువకుడు. శిష్యులతో అంటే చాలు, పేతురు అందులోనే ఉన్నాడు. అయినా మార్కు ఆ పేరు విడిగా పలికించాడు. మనమైతే అక్కడ క్షమాపణ మీద మూడు పేరాలు రాసేవాళ్లం.

ఇంకోటి గమనించు. ఆ రాతలు క్రైస్తవ సంఘాల్లో చదువుకునేనాటికి పేతురుది ఎంత పెద్ద పేరో తెలుసుగా. అయినా ఆ బొంకు నాలుగు సువార్తల్లోనూ ఉంది. పేతురు చెప్పగా విని మార్కు రాశాడన్నది తొలినాళ్ల నుంచి సంఘంలో ఉన్న మాట. ఆ మార్కూ తక్కువవాడు కాదు, సువార్త చెప్పడానికి బయల్దేరిన పౌలునీ బర్నబానీ పెర్గే ఊరి దగ్గర వదిలేసి వెనక్కి వచ్చేశాడు. అతన్ని మళ్లీ వెంటబెట్టుకెళ్లాలా వద్దా అన్న దగ్గరే వాళ్లిద్దరూ వాదులాడుకుని విడిపోయారు. అంటే బొంకినవాడు చెప్పాడు, మధ్యలో పారిపోయి వచ్చినవాడు రాశాడు. తర్వాతెప్పుడో అదే పౌలు చెరసాల నుంచి తన శిష్యుడు తిమోతికి రాస్తూ, మార్కును తీసుకురా, నాకు పనికొస్తాడు అన్నాడు. ఈలోగా ఇద్దరి మనసూ ఎలా మారిందో ఎక్కడా రాసి లేదు.

నా సంగతీ చెప్పాలి. మా అన్నయ్యకు జబ్బు కాస్త నెమ్మదించగానే "ప్రభువు స్వస్థపరిచాడు" అని ఓ పత్రికకు రాసి పంపేశాను. అచ్చయింది. నాలుగు నెలలకు అన్నయ్య పోయాడు. ఆ తర్వాత ఒకావిడ నుంచి కార్డు వచ్చింది. "మీ సాక్ష్యం చదివి మా ఆయన కోసం ఉపవాసం ఉంటున్నాను. మీ అన్నయ్యగారు ఇప్పుడెలా ఉన్నారు?" ఆ కార్డు బైబిల్లో పెట్టుకుని ఏడాది తిరిగాను. జవాబు రాయబోతే కలం కదిలేది కాదు, బైబిల్లోని ఏ వాగ్దానం రాసినా తప్పించుకోడానికి రాస్తున్నట్టే ఉండేది. చివరికి "అన్నయ్య లేడమ్మా. ప్రార్థన మానలేదు గానీ ఏమని అడగాలో తెలియడం లేదు" అని రెండు ముక్కలు రాసి పోస్టు చేశాను. నేను విశ్వాసంతో రాసిన మొదటి మాటలు అవేనేమో. ఆవిడ నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు.

రోమా 8:28 వాడొద్దని అనను. కానీ అక్కడ మేలు కోసమే సమస్తమూ సమకూడి జరుగుతున్నాయని రాసిన పౌలు దెబ్బలు తిన్నాడు, చెరసాలలో ఉన్నాడు, మూడుసార్లు ఓడ పగిలి సముద్రం పాలయ్యాడు. ఆయనకు అంత ప్రయాణం పట్టింది. నువ్వు రిజల్ట్ వచ్చిన పేరాలోనే ఆ మాట అనేశావు.

ముగింపులో విజయం లేకపోతే సాక్ష్యం ఎలా అవుతుందని అడుగుతావు. బైబిల్లో 88వ కీర్తన చీకటి మాటతోనే ఆగిపోతుంది, స్తుతి దాకా రాదు. దాన్ని కీర్తనల్లోంచి ఎవరూ తీసేయలేదు. ఇంగ్లీషు కవి విలియం కూపర్ సంగతి చూడు. పాదిరి జాన్ న్యూటన్‌తో కలిసి రాసిన భక్తిగీతాలు 1779లో పుస్తకంగా వచ్చాయి, సంఘాలు నేటికీ వాటిని పాడుకుంటున్నాయి. ఆయన మాత్రం తనను దేవుడు విడిచిపెట్టాడన్న దిగులు వదలకుండానే 1800లో కన్నుమూశాడు. ఆ జీవితానికి మనం పైనుంచి గెలుపు అతికించనక్కర్లేదు.

ఆ కొట్టేసిన వాక్యం మళ్లీ పెట్టు. స్తోత్రంలో ఒక పేజీ తీసెయ్యి, ఏ పేజీ అయినా ఫర్వాలేదు, మూడూ ఒక్కలాగే ఉన్నాయి. పరీక్ష మళ్లీ రాస్తున్నావో మానేశావో ఎక్కడా చెప్పలేదు, అదీ చెప్పు. ఆ రోజు అమ్మ ఏమని ప్రార్థించిందో గుర్తుందా? ఉంటే ఆవిడ మాటల్లోనే రాసి పంపు.

నీ అన్న