స్లీవా, బైపాసా? బరువు తగ్గించే ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న మనవారికి

"అక్కా, స్లీవ్ చేయించుకుంటే ఎక్కువ తగ్గుతామా, బైపాస్ చేయించుకుంటేనా?" అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లు ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. నేను బైపాస్ చేయించుకున్న మనిషిని కాబట్టి అదే మంచిదంటానని అనుకుంటారు. అలా అనను. కిలోల లెక్కతో మొదలుపెడితే ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకదు. మీ ఒంట్లో ఇప్పటికే ఏ జబ్బు ఉంది, రాబోయే పదేళ్లు ఏ ఊళ్లో, ఏ డాక్టరు కనుసన్నల్లో ఉంటారు అన్న రెండు సంగతులు తేలితే, ఏ ఆపరేషన్ అన్నది చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

ముందు లోపల ఏం చేస్తారో తెలుసుకోండి. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి, దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. సన్నటి గొట్టంలాంటి భాగం మిగులుతుంది. పేగుల జోలికి పోరు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం పోతుంది కనుక ఆకలి కూడా తగ్గుతుంది. తీసేసినదాన్ని మళ్లీ పెట్టడం ఉండదు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన 30 మిల్లీలీటర్లు పట్టేంత చిన్న సంచిని వేరుచేస్తారు. అంటే మన ఇళ్లలో పసిపిల్లలకు ఉగ్గు పట్టే గిన్నెంత. చిన్నపేగును కోసి తెచ్చి నేరుగా ఆ సంచికి కుడతారు. మిగిలిన జీర్ణాశయం లోపలే ఉంటుంది, దాని రసాలు కింద పేగులో కలుస్తాయి, కానీ తిన్న అన్నం మాత్రం దాన్ని చూడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీకు గుండెల్లో మంట ఉందా? రాత్రి పడుకుంటే గొంతులోకి పుల్లటి నీళ్లు వస్తాయా? మనవాళ్లలో చాలామంది దీన్ని జబ్బు కిందే లెక్కపెట్టరు. ఆవకాయ ఎక్కువైందనో, రాత్రి ఆలస్యంగా తిన్నామనో అనుకుని ఒక మాత్ర వేసుకుని ఊరుకుంటారు. డాక్టరు అడిగినప్పుడు కూడా "అబ్బే, పెద్దగా ఏమీ లేదు" అంటారు. దయచేసి అలా అనకండి. స్లీవ్ తరవాత మిగిలే గొట్టంలో ఒత్తిడి ఎక్కువ, ఆమ్లం పైకి తన్నడం సులువు. స్లీవ్‌నూ బైపాస్‌నూ పోల్చి ఫిన్లాండ్‌లో, స్విట్జర్లాండ్‌లో చేసిన రెండు అధ్యయనాల అయిదేళ్ల ఫలితాలు 2018లో జామా వైద్య పత్రికలో వచ్చాయి. బరువు తగ్గడంలో రెండింటి మధ్య తేడా మరీ ఎక్కువేమీ కాదు, బైపాస్ కొంచెం పైన ఉంది, అంతే. స్విస్ అధ్యయనంలో అసలు తేడా మంట దగ్గర కనిపించింది. బైపాస్ తరవాత దాదాపు 60 శాతం మందికి మంట నయమైతే, స్లీవ్ తరవాత నయమైనది 25 శాతం మందికే. మంట ముదిరినవాళ్లు స్లీవ్‌లో దాదాపు 32 శాతం, బైపాస్‌లో 6 శాతం.

అందుకే ఆపరేషన్ పేరు నిర్ణయించుకోకముందే ఎండోస్కోపీ చేయించమని పట్టుబట్టండి. కొన్ని క్లినిక్‌లు అందరికీ చేస్తాయి, కొన్ని అడిగితేనే చేస్తాయి. ఆహారనాళంలో పుండ్లున్నాయా, ఆమ్లం తగిలి తగిలి దాని లోపొర మారిపోయే బారెట్స్ అనే మార్పు మొదలైందా, జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారే హయటల్ హెర్నియా ఉందా అన్నది అందులో కనిపిస్తుంది. బారెట్స్ ఉంటే స్లీవ్ వద్దనే చాలామంది సర్జన్లు చెబుతారు. మనదేశంలో పుట్టి పెరిగినవాళ్లలో హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి ఎక్కువ, దానికి కూడా అప్పుడే పరీక్ష చేసి మందులిస్తారు. నా విషయంలో నిర్ణయం జరిగింది అక్కడే. నేను స్లీవ్ అనుకునే వెళ్లాను. సర్జన్ ఎండోస్కోపీ ఫొటోలు తెర మీద పెట్టి, ఆహారనాళం చివర ఎర్రగా ఒరుసుకుపోయిన గీతలను పెన్నుతో చూపించి, "స్లీవ్ చేస్తే ఇవి పెరుగుతాయి, అప్పుడు ఎలాగూ బైపాస్‌గా మార్చాల్సి వస్తుంది" అన్నారు. రెండో ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం. ఆ ఫొటో చూశాక నాకు మరో ఆలోచన రాలేదు.

రెండోది షుగరు. ఏళ్ల తరబడి ఉన్న షుగరుకు, ముఖ్యంగా ఇన్సులిన్ దాకా వెళ్లినవాళ్లకు, డాక్టర్లు సాధారణంగా బైపాస్ వైపే మొగ్గుతారు. బరువు ఇంకా తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే, షుగరు దిగడం మొదలవుతుంది. కాబట్టి షుగరు మందులు తగ్గించే బాధ్యత ఎవరిదో ఆపరేషన్‌కు ముందే అడిగి ఉంచుకోండి, లేకపోతే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. కొత్తగా వచ్చిన షుగరుకు, మంట లేనివాళ్లకు స్లీవ్ కూడా బాగానే పనిచేస్తుంది. కీళ్ల నొప్పులకు ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలు మానలేనివాళ్లకైతే స్లీవే మేలు. ఎందుకంటే బైపాస్ అయినవాళ్లకు ఆ మాత్రలు కుట్టు దగ్గర పుండు చేస్తాయి. ఇండియా నుంచి వచ్చే చుట్టాలు సంచీలో తెచ్చే బ్రూఫెన్‌లో, కాంబిఫ్లామ్‌లో ఉండేది అదే మందు. సిగరెట్టు కూడా అంతే ప్రమాదం.

మిగిలినవాటి గురించి క్లుప్తంగా చెబుతాను. జీర్ణాశయం చుట్టూ బిగించే బ్యాండ్‌కు అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది, కొన్నేళ్లు బాగా నడిచింది, ఇప్పుడు పెట్టేవాళ్లకంటే తీయించుకునేవాళ్ల మాటే ఎక్కువ వింటాం. జీర్ణాశయాన్ని స్లీవ్‌లా తగ్గించి, పేగును కూడా చాలా పొడవు మళ్లించే డ్యూయొడినల్ స్విచ్‌లో అన్నిటికంటే ఎక్కువ బరువు తగ్గుతుంది, బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే అంకె) 50 దాటినవాళ్లకు దాన్ని ఆలోచిస్తారు. కానీ ప్రొటీన్, ఏ, డీ, ఈ, కే విటమిన్లు సరిగా ఒంటబట్టవు, విరేచనాలు పెరుగుతాయి. శాకాహారులకు నేను దాన్ని సలహా ఇవ్వలేను. ఇండియాలో విరివిగా చేసే మినీ బైపాస్‌లో పేగును కలిపే కుట్టు ఒక్కటే, ఆపరేషన్ త్వరగా అవుతుంది, అయితే పైత్యరసం పైకి ఎగదన్నే అవకాశం ఉంది. జీర్ణాశయంలో పెట్టి ఉబ్బించే బెలూన్ ఆపరేషనే కాదు, కొన్ని నెలలే ఉంటుంది.

ఆపరేషన్ దాకా వెళ్లకుండా బరువు తగ్గించే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు వాడవచ్చు కదా అంటారు. తప్పకుండా డాక్టరుతో మాట్లాడండి, పదిహేను కిలోలు తగ్గాల్సిన మనిషికి అదే సరైన దారి కావచ్చు. మానేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుందని, బీమా ఎన్నాళ్లు ఇస్తుందో చెప్పలేమని కూడా గుర్తుంచుకుని మాట్లాడండి.

అర్హత సంగతి మనవాళ్లకు ప్రత్యేకం. మనకు తక్కువ బరువులోనే షుగరు, బీపీ వస్తాయి. అందుకే ఈ రంగంలోని అమెరికా సంఘం, అంతర్జాతీయ సంఘం కలిసి 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆసియా మూలాలవారికి బీఎంఐ 27.5 నుంచే ఆపరేషన్ పరిశీలించవచ్చని రాశాయి. మిగిలినవారికి జబ్బులు లేకపోయినా 35, షుగరు లాంటివి ఉంటే 30. బ్రిటన్‌లో కూడా దక్షిణాసియావారికి 2.5 తగ్గించి లెక్కిస్తారు. కానీ అమెరికాలో చాలా బీమా కంపెనీలు ఇంకా 1991 నాటి లెక్కే పట్టుకుని కూర్చున్నాయి: 40 ఉండాలి, లేదా 35తో పాటు ఏదో ఒక జబ్బు ఉండాలి. 5 అడుగుల 6 అంగుళాల మనిషికి 35 అంటే సుమారు 98 కిలోలు. డాక్టరు అవసరమన్నా బీమా కాదనే చోటు ఇదే. ఇది మనవాళ్లకు అన్యాయమే. తిరస్కరిస్తే అప్పీలు చేయండి, ఆ మార్గదర్శకాలు జతచేసి ఉత్తరం రాయమని సర్జన్‌ను అడగండి.

బీమా కాగితాలు చదవడం మొదటి రోజే మొదలుపెట్టండి. కంపెనీ ఇచ్చే ప్లాన్‌లో బరువు తగ్గించే ఆపరేషన్‌ను పూర్తిగా మినహాయించి ఉండవచ్చు. అలా ఉంటే డాక్టరు ఎంత రాసినా లాభం లేదు, ఏటా ప్లాన్ మార్చుకునే సమయంలో భార్య లేదా భర్త కంపెనీ ప్లాన్ చూడాలి. మినహాయింపు లేకపోతే, చాలా ప్లాన్లు మూడు నుంచి ఆరు నెలలు డాక్టరు పర్యవేక్షణలో పథ్యం చేసినట్టు రికార్డు అడుగుతాయి. మానసిక నిపుణులతో ఒక మాట, నిద్ర పరీక్ష కూడా ఉంటాయి. మధ్యలో ఉద్యోగం మారితే కొత్త బీమా ఆ నెలలన్నీ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టవచ్చు. హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఉద్యోగం పోతే దేశంలో ఉండడానికి చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఆపరేషన్ తరవాత మొదటి ఏడాది రక్తపరీక్షలు, డైటీషియన్ అపాయింట్‌మెంట్లు వరసగా ఉంటాయి. ఉద్యోగం ఊగిసలాటలో ఉన్నప్పుడు ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవద్దని నా గట్టి సలహా. సెలవు సంగతి కూడా చూసుకోండి. వైద్య కారణాలతో 12 వారాల జీతం లేని సెలవు ఇచ్చే ఫెడరల్ చట్టం, అదే కంపెనీలో 12 నెలలు, 1,250 గంటలు పనిచేసినవాళ్లకే వర్తిస్తుంది.

"ఇవన్నీ ఎందుకు, హైదరాబాద్ వెళ్లి చేయించుకుంటే తక్కువలో అయిపోతుంది కదా" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. హైదరాబాద్‌లో చేయి తిరిగిన సర్జన్లున్నారు, ఆ మాట కాదనను. కానీ మూడు వారాల సెలవులో, వీసా స్టాంపింగ్, చెల్లెలి పెళ్లి, ఆపరేషన్ మూడూ కలిపి పెట్టుకోవద్దు. కుట్టు దగ్గర లీకు వస్తే మొదటి వారాల్లోనే వస్తుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా అప్పుడే, ఇరవై గంటల విమాన ప్రయాణం దాన్ని ఇంకా పెంచుతుంది. ఇక్కడికి తిరిగొచ్చాక, వేరేచోట చేసిన ఆపరేషన్‌ను చూడడానికి చాలా క్లినిక్‌లు వెనకాడతాయి. వెళ్లాలనుకుంటే కనీసం రెండు నెలలు అక్కడ ఉండగలిగేలా, ఇక్కడ తరవాత చూసే డాక్టరు ముందే ఒప్పుకునేలా ఏర్పాటు చేసుకుని వెళ్లండి.

తిండి విషయం ఎవరూ మనకు మన భాషలో చెప్పరు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మొదట పలచటి ద్రవాలు, తరవాత మెత్తగా చేసినవి, ఆ పైన మామూలు తిండి, ఇలా వారాల తరబడి మెట్లు మెట్లుగా నడుస్తుంది. మజ్జిగ, పప్పుకట్టు, వడకట్టిన చారు మొదట్లో కలిసొస్తాయి, కారం తగ్గించాలి. అన్నం, చపాతీ నెలల తరబడి ఇబ్బంది పెడతాయి. ముద్ద లోపల ఉబ్బి ఇరుక్కుంటుంది, ఛాతీ మధ్యలో నొక్కినట్టుంటుంది. భోజనం మధ్యలో మంచినీళ్లు తాగే అలవాటు మానాలి, తిన్నాక అరగంట ఆగి తాగాలి. బైపాస్ అయినవాళ్లు బొబ్బట్టో పూతరేకో తింటే అరగంట లోపే గుండె దడ, చెమటలు, కడుపులో మెలికలు రావచ్చు.

రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక కప్పు ముద్దపప్పులో ఉండేది పది పదిహేను గ్రాములే, ఆ కప్పు కూడా మీరు తినలేరు. నేను మొదటి నెలల్లో చిన్న చెంచాతో పప్పు తింటూ, నాలుగో చెంచాకే చాలనిపించి గిన్నె పక్కన పెట్టేదాన్ని. కాబట్టి గుడ్డు, గ్రీకు పెరుగు, పనీరు, టోఫు, పాలవిరుగుడు ప్రొటీన్ పొడి ఏవి మీ ఇంట్లో చెల్లుతాయో ముందే చూసుకోండి. గుడ్డు కూడా ముట్టని ఇంట్లో పొడి లేకుండా గడవదు. అమ్మ సాయానికి వస్తే, డైటీషియన్ ఇచ్చిన కాగితం ఆమెకు తెలుగులో రాసి వంటింట్లో అంటించండి. బిడ్డ చిక్కిపోతున్నాడని ఆమెకు కలిగే బెంగ నిజమైనది, దానికి కోప్పడకండి. కాగితంలో ఉన్నది చేసి పెట్టడమే సాయమని చెప్పండి.

విటమిన్ మాత్రలు జీవితాంతం. స్లీవ్‌కైనా తప్పవు, బైపాస్‌కు ఇంకా ఎక్కువ. శాకాహారులకు, ఏళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లకు బీ12 ముందే తక్కువగా ఉంటుంది, ఆపరేషన్‌కు ముందే పరీక్షించి సరిచేయించండి. కాల్షియం సిట్రేట్‌నూ ఐరన్‌నూ ఒకేసారి వేసుకోకూడదు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. ఏటా రక్తపరీక్షకు వెళ్లడం కష్టమయ్యే మనిషైతే, ఆ సంగతి సర్జన్‌కు దాచకుండా చెప్పండి. రెండింటి మధ్య ఊగుతున్నప్పుడు స్లీవ్ వైపు మొగ్గడానికి అది న్యాయమైన కారణమే. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ఆపరేషన్ తరవాత 12 నుంచి 18 నెలలు ఆగాలి. బైపాస్ తరవాత గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు, వేరే పద్ధతి గురించి అడగండి.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు ఆపరేషన్ రిపోర్టు పూర్తి ప్రతి అడిగి తీసుకోండి, సారాంశం చాలదు. ఏ ఆపరేషన్ చేశారు, పేగు ఎంత పొడవు మళ్లించారు అన్నవి అందులో ఉంటాయి. దాన్ని ఫోనులో పెట్టుకోండి, ఒక కాపీ ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. రేపు విజయవాడలోనో వేరే రాష్ట్రంలోనో కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వెళ్తే, అక్కడి డాక్టరుకు మొదట కావాల్సింది అదే. వాంతులు ఆగకుండా అవుతుంటే, గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్ (బీ1 విటమిన్) ఇవ్వమని అడగాలని కూడా ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి.