స్త్రీత్వం తరానికో రకంగా ఎందుకు మారుతుంది?

అమ్మమ్మకు, అమ్మకు, మనవరాలికి ‘ఆడతనం’ అంటే ఒకే అర్థం ఎందుకు ఉండదని అడిగారు. నా దృష్టిలో అందులో పుట్టుకతో వచ్చేది తక్కువ, కాలం నేర్పేది ఎక్కువ. హై హీల్స్‌నే చూడండి. 17వ శతాబ్దపు ఐరోపాలో వాటిని మగవాళ్లు దర్జాగా వేసుకునేవారు. 1701 నాటి చిత్రంలో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ఎర్ర మడమల బూట్లతోనే నిలబడి ఉంటాడు. తర్వాత అవే ఆడవాళ్లవి అయిపోయాయి.

అసలు మార్పు చదువుతో, సొంత సంపాదనతో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్యాక్టరీల్లో వెల్డింగ్ చేసిన స్త్రీలలో చాలామందిని యుద్ధం ముగియగానే ఇంటికి పంపేశారు. అయినా తమ చేతులతో ఏం చేయగలరో వాళ్లకు అప్పటికే తెలిసిపోయింది. 1960లో అమెరికాలో గర్భనిరోధక మాత్రకు అనుమతి వచ్చాక, పిల్లల్ని ఎప్పుడు కనాలన్నది కూడా మెల్లగా వాళ్ల చేతికొచ్చింది.

మనవరాలు జుట్టు పొట్టిగా కత్తిరించుకొస్తే అమ్మమ్మ చాలాసేపు ఆ మెడ వైపే చూస్తూ ఉండిపోతుంది. అది కోపమని నేను అనుకోను. ఆమెకు ఓర్పు, ఒద్దిక నేర్పారు. ఈ పిల్లకు నచ్చినట్టు ఉండమన్నారు. ఎక్కువగా నలిగేది మధ్యలో ఉన్న అమ్మే. ఉద్యోగం చేసి వచ్చాక కూడా ఇంటిపనంతా తనదేనని ఆమె ఇంకా అనుకుంటోంది.